ముక్కు వంచిన సీటు

సుఖం అనే మాట వింటే కర్టిస్ హోవ్లాండ్‌కు ఒళ్ళు మండుతుంది. సైకిలు తొక్కేవాడికి సుఖమెందుకు, సుఖం కావాలంటే ఇంట్లో సోఫా ఉందిగా అంటాడు. మినియాపొలిస్‌లో మా పేట సైకిలు దుకాణంలో అతను మెకానిక్, పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఆడే హాస్యం ఇదొక్కటే. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వకపోతే తమ సైకిలు మూలన పడేస్తాడని వాళ్ళ భయం. ఎప్పుడో కుర్రతనంలో విస్కాన్సిన్‌లో జరిగిన ఒక పందెంలో అతను నాలుగోవాడిగా వచ్చాడు. మొదటి ముగ్గురి పేర్లూ ఇవాళ ఎవరికీ గుర్తు లేవు. ఈ నాలుగోవాడు మాత్రం ఆ సంగతి ఎవర్నీ మరిచిపోనివ్వడు.

మే నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు వినిఫ్రెడ్ ఓకర్లుండ్ తలుపు నెట్టుకుని సైకిలుతో సహా దుకాణంలోకి వచ్చింది. అరవై ఒకటో ఏడు నడుస్తున్న మనిషి. నీలం రంగు పాత సైకిలు, ముందు తీగల బుట్ట, హ్యాండిల్ చివర గుండ్రటి అద్దం. ప్యాంటు అంచు గొలుసులో పడకుండా కుడికాలికి కూరగాయల కట్టకు వేసే రబ్బరు బ్యాండు వేసుకుంది. చొక్కా చేతి మీద గులాబి రంగు క్రీము మరక. ఆమె దగ్గరికి రాగానే చక్కెర వాసన వచ్చింది. కర్టిస్ ఆ అద్దాన్నీ, బుట్టనీ, రబ్బరు బ్యాండునీ వరసగా చూశాడు. ఇంకేమీ అడగక్కర్లేదు అనుకున్నాడు.

ఆమె మాత్రం అన్నీ చెప్పింది. తను సూపర్‌మార్కెట్ బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. జన్మలో కారు స్టీరింగు పట్టలేదు. తెల్లవారి అయిదుకల్లా పనిలో ఉండాలి, ఆ వేళకు ఉన్న ఒక్క బస్సునూ ఏప్రిల్లో తీసేశారు. అప్పట్నుంచీ పోను ఆరు మైళ్ళు, రాను ఆరు మైళ్ళు సైకిలే దిక్కు. కూర్చునేచోట సీటు ఒరుసుకుపోయి మండుతోంది.

"కొంచెం హాయిగా ఉండేట్టు చేసి పెడతావా బాబూ? మరీ అంత బాధేం కాదులే. పర్లేదు."

మా మినెసోటా రాష్ట్రం వాళ్ళ 'పర్లేదు' సంగతి మాకు తెలుసు. కాలు విరిగినా పర్లేదు, గాలివానకు ఇంటి కప్పు లేచిపోయినా పర్లేదు. ఇంక నా వల్ల కావట్లేదు, కానీ ఆ మాట నా నోటితో చెప్పించకండి అని దానికి అర్థం. కర్టిస్ ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాడు. వాళ్ళ నాన్న ఆస్పత్రి మంచం మీద చివరిదాకా ఆ ముక్కే అంటూ పోయాడు. అయినా కర్టిస్, పర్లేదంది కదా, పర్లేదన్నమాట అనుకున్నాడు. కొందరికి తెలివి తమ వీలునుబట్టి పనిచేస్తుంది.

బాగుకు వచ్చిన ప్రతి సైకిలుకూ హ్యాండిల్‌కి ఒక చీటీ కట్టడం ఆ దుకాణం పద్ధతి. చీటీ మీద పేరు, పని రాయాలి. కర్టిస్ పేరు అడగలేదు. చీటీ తీసి పైన 'ఫ్రెడ్' అని గీకి కట్టేశాడు. ఫ్రెడ్ అంటే మామూలు మగపేరే, మా తాతల కాలంలో వీధికి ఇద్దరుండేవాళ్ళు. పందాల సైకిళ్ళ వాళ్ళు మాత్రం దాన్నొక తిట్టు చేసుకున్నారు. అద్దం పెట్టుకునేవాడు ఫ్రెడ్. బుట్ట కట్టుకునేవాడు ఫ్రెడ్. చెప్పులేసుకుని తొక్కేవాడు, మెత్తటి సీటు అడిగేవాడు, సైకిలు మీద ఎక్కడికో పని ఉండి వెళ్ళేవాడు, అందరూ ఫ్రెడ్లే. ఆ దుకాణంలో రోజుకు పది చీటీల మీద ఆ పేరుంటుంది, చదివి లోపలివాళ్ళు నవ్వుకుంటారు, సైకిలు తీసుకెళ్ళేవాళ్ళు అది మెకానిక్ పేరనుకుంటారు.

వినిఫ్రెడ్ కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివింది. ముఖం విప్పారింది.

"నా పేరు నీకెలా తెలుసు?"

కర్టిస్‌కు అర్థం కాలేదు.

"చిన్నప్పట్నుంచీ మా వాళ్ళందరూ నన్ను ఫ్రెడ్ అనే పిలుస్తారు. వినిఫ్రెడ్ అనేది సంతకానికే. నువ్వు నన్నెప్పుడైనా కేకుల దగ్గర చూశావా?"

వెనక బల్ల దగ్గర చక్రం వంకర తీస్తున్న మార్నీ చేయి ఆగింది. ముప్పయ్యేళ్ళ పిల్ల, ఆ దుకాణంలో పని చక్కగా వచ్చినవాళ్ళలో ఒకర్తె, మాట తక్కువ. ఆమె తలెత్తి కర్టిస్ వంక చూసింది. ఏం చెప్తాడో అని చూసింది.

"మిమ్మల్ని చూడగానే తెలిసిపోయింది మేడం," అన్నాడు కర్టిస్.

ఆమె మురిసిపోయింది. అతనేమో మార్నీ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. మార్నీ నవ్వలేదు, మళ్ళీ చక్రం తిప్పుకుంది.

దుకాణం వెనక అద్దాల తలుపున్న గది ఒకటుంది. అందులో కదలని సైకిలు, కెమెరా, మోకాలి మీద అంటించే తెల్ల చుక్కలు, పెద్ద తెర ఉంటాయి. ఎవరి ఒంటికి తగినట్టు వాళ్ళ సైకిలు అమర్చడానికి అక్కడ రెండు గంటలు పడుతుంది. నిజం చెప్పాలంటే కర్టిస్‌కు ఆ పని క్షుణ్ణంగా వచ్చు. ఎవరి నడుము ఎటు ఒరుగుతోందో కంటితో చూసి చెప్పగలడు. కానీ ఆ గదిలోకి నీలం సైకిళ్ళు వెళ్ళవు. వినిఫ్రెడ్‌ను సైకిలు ఎక్కించి చూడలేదు, ఎలా తొక్కుతుందో ఒక్కసారి తొక్కమనలేదు. సీటు కింద బోల్టు వదులు చేసి, ముక్కును రెండు వేళ్ళ మందాన కిందికి వంచి బిగించాడు. పైన జెల్ నింపిన ఉబ్బు తొడుగొకటి తొడిగి, కుక్కపిల్లను తట్టినట్టు దాన్ని రెండుసార్లు తట్టాడు. మొత్తం రెండు నిమిషాలు.

"మెత్తగా ఉందా మేడం?"

ఆమె వేలితో నొక్కి చూసి, దిండులా ఉందంది. థాంక్స్ చెప్పింది, మళ్ళీ చెప్పింది, తలుపు దగ్గర ఆగి మూడోసారి చెప్పింది. ఆమె వెళ్ళాక కర్టిస్ ఆ 'దిండు' మాటను గొంతు మార్చి అని చూపించాడు. దుకాణం యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు.

శుక్రవారం పొద్దున డాక్టర్ టాడ్ బ్రెక్కీ వచ్చాడు. పిల్లల పళ్ళకు తీగలు కడతాడు. అతని కార్బన్ సైకిలు చిటికెన వేలితో ఎత్తొచ్చు. ఎత్తి చూపించందే అతనికి తోచదు. వారానికోసారి నది పక్క దారిన తనలాంటి పదిమందితో కలిసి తొక్కి, కాఫీ తాగి, కారులో ఇంటికి పోతాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి గురూ, డ్రిల్లు పట్టుకుంటే చిటికెన వేలు నాది కానట్టుంది అన్నాడు. కర్టిస్ ముఖంలోకి భక్తి వచ్చేసింది. అద్దాల గది తలుపు తీశాడు.

అక్కడ మాత్రం అతను పనివాడే. డాక్టర్ మోకాళ్ళ మీద చుక్కలు అంటించాడు, నేల మీద చతికిలబడి పాదం కోణం చూశాడు, వెనక్కి వెళ్ళి నడుము చూశాడు, సీటు మీద రసమట్టం పెట్టి గాలిబుడగ ఎక్కడ ఆగిందో వంగి చూశాడు. బుడగ కాస్త వెనక్కి ఉంది.

"ఇదిగో డాక్టర్, దొంగ దొరికాడు. సీటు ముక్కు వెంట్రుకవాసి కిందికి ఉంది. ముక్కు వాలితే ఒళ్ళు ముందుకు జారుతుంది, జారకుండా చేతులు ఆపాలి. తొక్కినంతసేపూ గోడను నెట్టినట్టే. అరచేతి అంచున చిటికెన వేలి నరం నలిగి..."

అతని మాట అక్కడ ఆగింది. గది తలుపు తెరిచే ఉంది. బయట మార్నీ చేతిలో గుడ్డతో నిలబడి అతన్నే చూస్తోంది. వెంట్రుకవాసికి ఇంత కథ చెప్తున్నవాడు సోమవారం రెండు వేళ్ళ మందం వంచాడని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కర్టిస్ డాక్టర్ వైపు తిరిగి సీటును సరిచేశాడు. డాక్టర్ దగ్గర ఇంకో గంట గడిపాడు.

ఆ మధ్యాహ్నమే వినిఫ్రెడ్ మళ్ళీ వచ్చింది. ఈసారి సైకిలును భుజంతో నెట్టుకుంటూ లోపలికి తెచ్చింది, చేతులతో గట్టిగా పట్టుకోలేకపోయింది. సీటు పర్లేదట, మంట తగ్గిందట. కానీ మంగళవారం నుంచీ చేతులు రెండూ తిమ్మిరి. ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఉన్నాయో లేవో తెలియడం లేదు. పొద్దున వేణ్ణీళ్ళలో పెట్టుకుంటే గంటకు కాస్త కదులుతున్నాయి, మళ్ళీ తొక్కితే మళ్ళీ మొదటికి. క్రీము సంచి పిండేది ఆ వేళ్ళతోనే. సెల్‌ఫోనులో ఒక ఫొటో చూపించింది. తెల్లటి పలక కేకు మీద నీలం క్రీముతో 'అభినందనలు' అని ఉంది, సగం దాకా అచ్చు గుద్దినట్టు ఉండి, తర్వాతి అక్షరాలు జారుకుంటూ కేకు అంచుదాకా వెళ్ళాయి.

"ఇరవై రెండేళ్ళలో నా చేతి నుంచి ఇలాంటిది రాలేదు బాబూ. రేపట్నుంచి జూన్ సగందాకా హైస్కూలు ముగించిన పిల్లల ఇళ్ళల్లో విందులు, రోజుకు ముప్పై కేకులు. మా మేనేజరు జనెల్ చూస్తోంది. రాయలేకపోతే నన్ను రొట్టెలు కోసే మిషను దగ్గరికి పంపేస్తుంది. ఒకసారి అటు పోయినవాళ్ళను మళ్ళీ కేకుల బల్ల దగ్గరికి రానివ్వదు." చెప్పింది చాలా ఎక్కువైందనుకుందో ఏమో, "పర్లేదనుకో," అని చేర్చింది.

కర్టిస్ సీటు వంక చూశాడు. ముక్కు నేలను చూస్తోంది. బోల్టు వదులు చేసి, లేపి, బిగించాలి. అంతే పని. అయితే ఆ పని మార్నీ కళ్ళ ముందు చేయాలి. సోమవారం తను చేసింది తప్పని నోటితో అనకపోయినా చేతులతో ఒప్పుకున్నట్టవుతుంది. దానికి అతని ప్రాణం ఒప్పలేదు. ఒక మనిషి అన్నం పెట్టే వేళ్ళు ఒక పక్క, వీడి నాలుగో స్థానం పరువు ఇంకో పక్క. ఎటు మొగ్గాడో చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

"అలవాటు లేని చేతులు కదా మేడం, మొదట్లో ఇలాగే ఉంటుంది," అని అరచేతిలో మెత్తలున్న గ్లౌజులు తీసిచ్చాడు.

మార్నీ లేచి వచ్చింది. "కర్టిస్, ఆ సీటు ముక్కు ఒకసారి చూడు."

"చూశాను. నీ చక్రం నువ్వు చూసుకో."

వినిఫ్రెడ్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, తన మూలాన పోట్లాడుకోవద్దని బతిమాలింది. గ్లౌజులు తొడుక్కుంటే చిటికెన వేలు ఒక పట్టాన లోపలికి పోలేదు. ఎడమచేత్తో దాన్ని పట్టి దూర్చింది. వెళ్ళేముందు సోమవారంలాగే మూడుసార్లు థాంక్స్ చెప్పింది. ఆ రోజు దుకాణంలో ఎవరూ ఆమె గొంతు అనుకరించలేదు.

శనివారం పదకొండు గంటలకు కర్టిస్ తన కూతురు సొన్యాతో కలిసి దుకాణం వ్యానులో సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాడు. సొన్యా ఆ వారమే హైస్కూలు ముగించింది, మర్నాడు విందు. గ్యారేజీ కడిగి మడత బల్లలు వేయడం అయిపోయింది, ఇక కేకు తెచ్చుకోవడమే మిగిలింది. కేకు ఎవరు రాస్తారో అతను ఆలోచించలేదు. కేకులు రాసేవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు కదా అనుకున్నాడేమో, అదీ అనుకోలేదేమో. బేకరీ అద్దం దగ్గరికి వెళ్ళేసరికి లోపల వినిఫ్రెడ్ నిలబడి సొన్యా పేరు రాస్తోంది.

ఆమె వాళ్ళను చూడలేదు. రెండు చేతులతో సంచి పట్టుకుంది. మామూలుగా ఒక చేయి పిండుతుంది, రెండోది మొన కింద ఆధారంగా ఉంటుంది. ఇవాళ రెండూ పిండటానికే సరిపోలేదు. సంచి మెడను మోచేతికీ పక్కటెముకకీ మధ్య నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక అక్షరం దించింది. బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. చివరి అక్షరం దగ్గర చిటికెన వేలు వదిలేసింది, క్రీము ముద్దగా పడింది. ఆమె చప్పుడు లేకుండా చదునైన కత్తితో ఆ ముద్దను గీకేసి, తడిగుడ్డతో అంచు తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది. పక్కన నూనె కాగితం మీద అదే పేరు పదిహేనుసార్లు రాసి ఉంది. పొద్దున్నుంచీ సాధన చేస్తోంది పాపం. మూడోసారి గీకుతుంటే జనెల్ వచ్చింది.

జనెల్ మెత్తటి మనిషి. మా ఊళ్ళో పైవాళ్ళందరూ మెత్తగానే మాట్లాడతారు, మెడ మీద కత్తి పడ్డాక గానీ తెలియదు. వయసుతో చేతులు వణకడం ఎవరికైనా ఉండేదేనంది. సోమవారం నుంచి రొట్టెల మిషను దగ్గర కాస్త విశ్రాంతిగా ఉంటుందంది. ఆ బల్ల దగ్గర రాయడానికి ఒక అమ్మాయిని మాట్లాడానని కూడా అంది.

"ఇది వయసు కాదు జనెల్," అంది వినిఫ్రెడ్. "సైకిలు వల్ల వచ్చింది. బాగుచేయిస్తున్నాను." అంటూ తలెత్తేసరికి అద్దం అవతల కర్టిస్ కనిపించాడు. పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆమెకు. "ఇదిగో, ఈయనే. నువ్వే అడుగు. చాలా తెలివైనవాడు, మొదటిరోజే నేను చెప్పకుండా నా పేరు ఫ్రెడ్ అని కనిపెట్టేశాడు."

సొన్యా ఫక్కున నవ్వింది. "మా నాన్న తనకు నచ్చనివాళ్ళందరినీ అదే అంటాడు."

అనేశాక గానీ ఆ పిల్లకు తనేమందో తెలియలేదు. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. వినిఫ్రెడ్ ఆమెనూ, తర్వాత కర్టిస్‌నూ చూసింది. అద్దం, బుట్ట, దిండు, థాంక్స్ చెప్పిన ప్రతిసారీ వెనక జరిగిన చూపులు, అన్నీ ఒక్కొక్కటే ఆమెకు అర్థమవుతుంటే అక్కడున్న ముగ్గురూ నిలబడి చూశారు. చెవుల దాకా ఎర్రబడింది. క్రీము సంచి మూతి మడిచి, పళ్ళెంలో పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

జనెల్ మాత్రం కర్టిస్‌ను అడిగింది, నిజంగా సైకిలు వల్లనేనా అని. కర్టిస్ నీళ్ళు నమిలాడు. కావచ్చు, చూడాలి అన్నాడు.

"నాకు పదిహేను నిమిషాల విరామం ఉంది," అంది వినిఫ్రెడ్ ఏప్రన్ విప్పుతూ. "సైకిలు బయట ఉంది. పదండి, చూద్దురుగాని."

బాబూ పోయి, నువ్వు పోయి, మీరు వచ్చింది. కర్టిస్ వెంట నడిచాడు.

కార్లు పెట్టే చోట, వ్యాను నీడలో అతను పని మొదలుపెట్టాడు. ఆమెను సీటు మీద కూర్చోబెట్టి, సొన్యాను హ్యాండిల్ పట్టుకోమని, వినిఫ్రెడ్‌ను పెడళ్ళు వెనక్కి తొక్కమన్నాడు. తను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పది తొక్కులు చూశాడో లేదో విషయం తెలిసిపోయింది. సీటు ఉండాల్సినదానికంటే అంగుళం ఎత్తులో ఉంది. పెడల్ అందుకోవడానికి ఆమె నడుము ప్రతి తొక్కుకీ అటూ ఇటూ ఊగుతోంది, ఊగినప్పుడల్లా ఒరుసుకుంటోంది. సోమవారం ఆమెను బాధపెట్టింది సీటు గట్టిదనం కానే కాదు. ఆ రోజు ఒక్క నిమిషం వెనక నిలబడి చూసి ఉంటే సరిపోయేది.

ముందు జెల్ తొడుగు ఊడబీకి వ్యానులో పారేశాడు. రసమట్టం సీటు మీద పెట్టాడు. గాలిబుడగ వెనక చివరికి పరుగెత్తి అక్కడే కూర్చుంది. బోల్టు వదులు చేసి ముక్కు లేపాడు, బుడగ రెండు గీతల మధ్యకు వచ్చేదాకా కొంచెం కొంచెం కదిపి బిగించాడు. సీటు గొట్టాన్ని అంగుళం దించాడు. దారానికి నట్టు కట్టి మోకాలి చిప్ప ముందునుంచి వేలాడదీశాడు, అది పెడల్ ఇరుసుకు ముందుగా పడింది, అంటే సీటు మరీ ముందుకుంది. సీటును కమ్మీల మీద బొటనవేలి మందం వెనక్కి జరిపాడు. ఇక హ్యాండిల్. పైన బోల్టు నాలుగు తిప్పులు వదులు చేసి, దాని మీద చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపల బిగుసుకున్న గుంజ విడిపోయింది. హ్యాండిల్‌ను పైకి లాగి, ఇంతకుమించి లేపకూడదనే గీత కనిపించేదాకా తెచ్చి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టి దానికి సూటిగా తిప్పి బిగించాడు. బ్రేకు మీటలు ఆమె మణికట్టు వంగకుండా అందేలా కిందికి తిప్పాడు. చెమటలు పట్టాయి. చేతులు మాత్రం ఎక్కడా తడబడలేదు. ఇంత పని చేతిలో పెట్టుకుని మనిషి అంత కుళ్ళుబుద్ధి చూపించాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వినిఫ్రెడ్ కార్ల వరసల మధ్య రెండు చుట్లు తొక్కింది. నడుము ఊగలేదు. మోచేతులు కాస్త వంగి, అరచేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉన్నాయి. రెండో చుట్టులో ఒక చేయి పూర్తిగా తీసేసి, మళ్ళీ పెట్టింది. వచ్చి దిగింది.

"బరువు చేతుల మీద లేదు," అంది.

"ఇక పడదు మేడం. నరం తేరుకోవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటికి వేళ్ళు మామూలవుతాయి." అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "సారీ మేడం. చాలా పొరపాటైంది."

మా రాష్ట్రంలో సారీకి బదులొకటే. కారు గుద్దినవాడికీ అదే, కాలు తొక్కినవాడికీ అదే. కర్టిస్ ఆ 'పర్లేదు' కోసం తల వంచుకుని చూశాడు. సొన్యా కూడా చూసింది. వినిఫ్రెడ్ ఆ మాట అనలేదు.

"నిన్న నేను వచ్చేటప్పటికి మీకు తెలుసా?"

కర్టిస్ కూతురి వంక చూశాడు. ఆ పిల్ల చూపు తిప్పుకోలేదు.

"తెలుసు," అన్నాడు.

"సోమవారం?"

"సోమవారం నేను చూడలేదు."

"సైకిల్నా, నన్నా?"

"రెండూ," అన్నాడు.

ఆమె తలూపింది. విరామంలో ఇంకో నాలుగు నిమిషాలున్నాయని గోడ గడియారం అంత నిదానంగా చెప్పి, కాగితం ఉందా అని అడిగింది. జనెల్‌కు నోటిమాట చాలదు. మూడు వారాలు బల్ల దగ్గర ఉంచాలంటే, ఇది తగ్గిపోయేదేనని, రోగం కాదని, దానికి కారణం ఫలానా అని, పని తెలిసినవాడి చేతిరాత కావాలి. కర్టిస్ వ్యానులోంచి చీటీల పుస్తకం తెచ్చి, బానెట్ మీద పెట్టి రాసిచ్చాడు. సీటు ముందుకు వంగి ఉన్నందువల్ల చేతుల నరాల మీద ఒత్తిడి కలిగిందనీ, ఇప్పుడు సరిచేయబడిందనీ.

"వంగి ఉందా?" అంది వినిఫ్రెడ్ చదివి. "దానంతటది వంగిందా?"

అతను దాన్ని చింపి ఇంకోటి రాశాడు. సోమవారం సీటును నేను కొలవకుండా వంచాను, శుక్రవారం తెలిసీ సరిచేయలేదు, ఈమె చేతులకు వచ్చిన తిమ్మిరి అందువల్లనే, మూడు వారాల్లో పోతుంది. కింద పూర్తి పేరు, దుకాణం పేరు, ఫోను నంబరు. రాస్తున్నంతసేపూ సొన్యా అతని భుజం పక్కన నిలబడి ఒక్కో మాటా చదివింది.

వినిఫ్రెడ్ ఆ చీటీ అందుకుని, చేయి పూర్తిగా చాచి దూరంగా పట్టుకుంది. కేకు మీద పేరు కుదిరిందో లేదో చూసేటప్పుడు ఆమె అలాగే చూస్తుంది. తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. పెదవి విరిచింది. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి పిల్లల పేర్లూ నిలువునా నిలబెట్టిన మనిషికి ఆ రాత చూస్తే అసహ్యం వేసినట్టుంది.

"వరస మొత్తం కిందికి జారిపోయింది. అన్ని మాటలూ ఇంతింత లావున రాసి, 'నేను' అన్నచోట మాత్రం చీమంత చేశారు. అద్దం అవతల నిలబడినవాళ్ళకు కూడా అది కనపడాలి." చీటీని బానెట్ మీద పెట్టి అతని వైపు తోసింది. "ఇలాంటి రాత రాసేవాళ్ళను మా బల్ల ఛాయలకు కూడా రానివ్వం. మళ్ళీ రాయండి."

కర్టిస్ కలం తీసుకున్నాడు. సొన్యా పాత చీటీ చింపేసి, కొత్తది తిప్పి తండ్రి ముందు పెట్టి, కదలకుండా అంచు పట్టుకుంది.